తొట్టిలో కూర్చున్నది ఎవరు

కోబాను మోసం చెయ్యడం కష్టమని జీరిక్జే పట్నం చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ తెలుసు. ఇరవై రెండేళ్ళుగా ఆమె ఆ డచ్చి దీవిలో లైబ్రరీ బస్సు నడుపుతోంది. తిరిగొచ్చిన ప్రతి పుస్తకాన్నీ వెన్ను పట్టుకుని దులుపుతుంది, పేజీలు ఒక్కొక్కటే తిప్పుతుంది, అవసరమైతే వాసన కూడా చూస్తుంది. అసలు పేరు యాకొమీనా. ఆ పేరుతో ఆమెను పిలిచింది పాస్టరు ఒక్కడే, అదీ పెళ్ళినాడు.

"వానండీ కోబా గారూ, సైకిల్ మీద వస్తుంటే తడిసింది," అని ఏ రైతు భార్యో నసిగితే, "మీ ఊళ్ళో వాన పాలూ పంచదారా కలుపుకుని కురుస్తుందా అమ్మా? ఇది కాఫీ," అనేది.

1994 మార్చిలో ఒక బుధవారం మధ్యాహ్నం ఆమె చర్చి పక్కన బస్సు ఆపుకుని, స్టీరింగు మీద రుమాలు పరుచుకుని రొట్టె, జున్ను తింటోంది. పక్కన రేడియో మోగుతోంది. పేరున్నవాళ్ళను కూర్చోబెట్టి, వాళ్ళకు గుర్తున్న మొట్టమొదటి సంగతి చెప్పించే కార్యక్రమం అది. కోబా వారం వారం వినేది, ఒక్క ముక్కా నమ్మేది కాదు. కిందటి వారం ఒక మాజీ మంత్రి తన ఉయ్యాల మీది జాలరు ఇంకా కళ్ళకు కడుతోందన్నాడు. "అప్పుడే ఓట్లు కూడా లెక్కపెట్టుకుని ఉంటాడు," అనుకుంది.

ఆ వారం వచ్చినవాడు రోంబౌట్ స్టేకెటే. దేశమంతా ఎరిగిన నటుడు, గాయకుడు. కోబాకు మరో విధంగా కూడా తెలుసు. ఆరో క్లాసులో ఒక ఏడాది ఆమె వెనక బెంచీలో కూర్చున్నాడు. అందుకని రేడియో కొంచెం పెంచింది.

"నాకప్పుడు అయిదేళ్ళు," అన్నాడు రోంబౌట్ ఆ గంభీరమైన గొంతుతో. "యాభై మూడు ఉప్పెన. ఇంటి కింది భాగమంతా నీళ్ళు. అటక కిటికీలోంచి నన్ను బట్టలుతికే జింకు తొట్టిలో కూర్చోబెట్టి, తాడు కట్టి పడవలోకి దించారు. నా ఒళ్ళో ఒక కోడి. గోధుమరంగుది, దానికి ఒక్కటే కన్ను. దాని గుండె నా అరచేతుల్లో టకటకా కొట్టుకోవడం ఇప్పటికీ తెలుస్తుంది. పడవ మనిషికి కుడిచేతికి రెండు వేళ్ళు లేవు. ఆ చేత్తోనే నా నోట్లో పంచదార బిళ్ళ పెట్టాడు. అది ఉప్పగా ఉంది. పైన కిటికీలో తాతయ్య చెయ్యి ఊపుతూ నిలబడ్డాడు..."

రొట్టె ముక్క కోబా చేతిలోంచి జారి పెడళ్ళ మధ్య పడింది. ఆ తొట్టి తనది. ఆ కోడి తనది. ఆ ఉప్పటి పంచదార కూడా తనదే.

సాయంత్రం ఇంటికి రాగానే భర్తను నిలదీసింది. క్రైన్ సముద్రపు కట్టల మీద గడ్డి కోయించే ఉద్యోగి. ఎవరి జోలికీ పోడు. బూట్లు విప్పుకుంటున్నాడు పాపం.

"నా తొట్టి సంగతి ఎవరికి చెప్పావు?"

"ఏ తొట్టి?"

"ఎన్ని తొట్టెలున్నాయి నా బతుకులో? ఉప్పెన తొట్టి!"

క్రైన్ ఒక బూటు చేతిలో పట్టుకుని ఆలోచించాడు. "నాకు నువ్వే ఓ మూడొందలసార్లు చెప్పావు. ఇంకొకడికి చెప్పే ఓపిక నాకెక్కడిది?"

"ఆలోచించి చెబుతున్నావంటే ఏదో దాస్తున్నావన్నమాట."

"ఆలోచించకుండా చెబితే అబద్ధమంటావు. ముందు ఏం జరిగిందో చెప్పవే తల్లీ."

చెప్పింది. క్రైన్ తల గోక్కున్నాడు. "ఆ రోజు చాలామందిని తొట్టెల్లో దించే ఉంటారుగా."

"ఒంటికన్ను కోళ్ళతోనా?"

క్రైన్ రెండో బూటు విప్పడం మొదలెట్టాడు. కోబా బీరువా పైనుంచి రేకు డబ్బా దించి, ఆరో క్లాసు నోటుపుస్తకం తీసింది. 'నేను మరిచిపోలేని రోజు' అని మాస్టారు వ్యాసం రాయమన్నారు. కోబా తొట్టి గురించి రాసింది. అందరి ముందూ నిలబెట్టి చదివించారు. ఇద్దరు ఆడపిల్లలు ఏడ్చారు. మాస్టారు ఎర్ర సిరాతో పదికి పది వేశారు, అంతకుముందు ఆయన ఎవరికీ వెయ్యలేదు. పేజీ తిప్పి వేలు పెట్టి చూసింది: 'అది ఉప్పగా ఉంది.' మక్కికి మక్కి. తాతయ్య చెయ్యి ఊపడం కూడా.

రోంబౌట్ ఎక్కడివాడో ఆమెకు బాగా గుర్తుంది. వాళ్ళది తూర్పున, సముద్రమన్నదే కనపడని నేల. ఉప్పెన తరవాత కొత్త కట్టలు కట్టే పనికి వాళ్ళ నాన్న వచ్చాడు, ఆయనతో పాటు వీడూ వచ్చాడు. ఆ రోజుల్లో బడికి కొత్తగా ఎవరు వచ్చినా పిల్లలు అడిగే మొదటి ప్రశ్న, "మీరు మునిగారా, మునగలేదా?" అని. వాడు మునగలేదన్నాడు. ఏడాది పొడుగునా వాడి పేరు 'పొడిగాడు'.

"నా వెనకే కూర్చుని విన్నాడు. ముప్పై నాలుగేళ్ళు దాచుకుని ఇప్పుడు అమ్ముకుంటున్నాడు," అంది కోబా. ఆ రాత్రి అన్నం సయించలేదు.

పదిహేను రోజులకు రోంబౌట్ మిడెల్‌బర్గ్‌లో ప్రదర్శన ఇచ్చాడు, శనివారం మధ్యాహ్నం. అయ్యాక తన చిన్ననాటి కబుర్ల పుస్తకం మీద సంతకాలు పెడతాడని పేపర్లో వేశారు. కోబా వెళ్ళి వరసలో నిలబడింది. ముందున్నవాళ్ళందరి చేతుల్లోనూ కొత్త పుస్తకం ఉంటే, ఆమె చేతిలో నీలం అట్ట నోటుపుస్తకం.

"ఎవరి పేరు రాయమంటారు?" అన్నాడు రోంబౌట్ తలెత్తకుండా.

"మీరేమీ రాయక్కర్లేదు. ఆల్రెడీ రాసేసే ఉంది. చదవండి."

అతను ఆ పిల్లల రాతను చూశాడు, ఒక్కసారి ఆమెను చూశాడు, మళ్ళీ పేజీలోకి చూశాడు. మెల్లగా చదువుతుంటే చెవులు ఎర్రబడ్డాయి. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకోవడం అంటే ఇదే అనుకుంది కోబా. వెనకున్నవాళ్ళు గొణుగుతున్నారు. అతను లేచి ఆమెను పక్క గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేశాడు.

"కోబా కదూ? కోబా బోగార్డ్."

"గుర్తుపట్టావన్నమాట. ఏం పొడిగాడా, ఎప్పుడు తడిశావు?"

అతను నవ్వలేదు. కుర్చీలో కూలబడ్డాడు. "నీకు ఎలా చెబితే నమ్ముతావో నాకు తెలీదు. నేను దొంగిలించానని నాకు తెలీదు. కళ్ళు మూసుకుంటే ఆ తొట్టి అంచు కనిపిస్తుంది. కోడి వాసన వస్తుంది. మా అమ్మమ్మ ఇంటికి చుట్టపుచూపుగా వెళ్ళినప్పుడు జరిగిందనుకున్నాను."

"మీ అమ్మమ్మ మా దీవిలో ఉండేదా?"

"ఎక్కడుండేదో నాకు సరిగ్గా తెలీదు. అమ్మను అడుగుదామంటే పోయి పదేళ్ళయింది." ముఖం తుడుచుకున్నాడు. "నీకు అడగడానికి ఎవరైనా ఉన్నారా?"

"ఎందుకు లేరు? మా అక్క ఉంది. అప్పుడు దానికి ఏడేళ్ళు. అంతా కళ్ళారా చూసింది."

"అయితే ఆవిడ చేత ఒక్క మాట చెప్పించు. నేనే మళ్ళీ రేడియోకి వెళ్ళి, అది నీదని చెబుతాను." ఒక చీటీ మీద ఫోన్ నంబరు రాసి ఇచ్చాడు.

ఇంత తేలిగ్గా ఒప్పుకున్నాడంటే ఇందులో ఏదో మెలిక ఉందని కోబాకు దారి పొడుగునా అనిపించింది. నటుడు కదా. ఆ ఎర్రబడ్డ చెవులు కూడా నటనేమో ఎవరు చూశారు?

మర్నాడు చర్చి అయ్యాక హూస్ పట్నంలో ఉన్న అక్క ఇంటికి వెళ్ళింది. డింగెనా పెద్దగా మాట్లాడే మనిషి కాదు. భర్త పోయాక కుట్టుపని చేసుకుంటూ ఒక్కతే ఉంటోంది. బల్ల మీద పేపరు పరిచి, బూడిదరంగు చిన్న రొయ్యల గుట్ట ముందు పెట్టుకుని ఒలుస్తోంది. కోబా కూడా కూర్చుని చెయ్యి వేసింది. రేడియో సంగతి, సంతకాల సంగతి ఏకబిగిన చెప్పేసింది.

"ఒక ఉత్తరం ముక్క రాసివ్వవే అక్కా. తొట్టిలో ఉన్నది నేనేనని. అంతే."

డింగెనా ఒక రొయ్య తల తుంచింది. "పోనీలేవే. వాడు చెప్పుకుంటే నీ సొమ్మేం పోయింది?"

"నా సొమ్మే పోయింది!"

"దేశంలో ఎవరికీ తెలీని మన తాత గురించి దేశమంతా విన్నారు. అదీ మంచిదేగా."

కోబా చేతులు ఆగిపోయాయి. ఈ అక్క ఉప్పెన మాట ఎత్తితే చాలు, లేచి కాఫీ పెట్టడానికి వెళ్ళిపోతుంది. ఏటా ఫిబ్రవరి ఒకటిన స్మారకసభకు రమ్మంటే తలనొప్పి అంటుంది. నలభై ఏళ్ళుగా అంతే. మరి ఈ రోజు వాడి తరఫున ఇంత వకాల్తా ఎందుకు?

"వాడు నీ దగ్గరికొచ్చాడా?"

"ఎవడు?"

"నిజం చెప్పు. వాడికి నువ్వే చెప్పావా? నన్ను చూసి చెప్పు."

"కోబా, ఊరుకో."

"ఊరుకోను. నా చిన్నతనంలో నాకున్నదే అదొక్కటి. దాన్ని నువ్వూ వాడూ కలిసి..."

"అందులో ఉన్నది నువ్వు కాదే!" అంది డింగెనా. అరవలేదు. కానీ చేతిలోని రొయ్య నలిగిపోయింది.

నలిగిన రొయ్యను పేపరు మీద పడేసి, గోడగడియారం వంక చూస్తూ చెప్పింది.

"తొట్టిలో ఉన్నది నేను. నువ్వు ఆ ఇంట్లోనే లేవు. క్రిస్మస్ అప్పటినుంచి నీకు కోరింత దగ్గు. నాకు అంటుకుంటుందని అమ్మ నిన్ను ఇక్కడికి, హూస్‌లో లేనా పెద్దమ్మ ఇంటికి పంపేసింది. ఇక్కడికి నీళ్ళు రాలేదు."

"అబద్ధం."

"అలాగే అంటావని తెలుసు." డింగెనా చేతులు కడుక్కుని, ముందుగదిలో కుట్టుమిషను సొరుగు లాగి, ఒక పోస్టుకార్డు తెచ్చింది. కోబా దాన్ని లైబ్రరీ పుస్తకాన్ని చూసినట్టే చూసింది. ముద్ర చూసింది: హూస్, 30 జనవరి 1953. అడ్రసు చూసింది. లేనా పెద్దమ్మ వంకర గీతల రాత ఆమెకు తెలుసు. వెలుతురుకు ఎత్తి పట్టుకుని సిరా కూడా చూసింది.

'కోబా దగ్గు తగ్గుముఖం పట్టింది. గాలి తగ్గాక వచ్చే వారం పంపిస్తాను. డింగెనాను అడిగిందని చెప్పు.'

"ఇది మనూరు చేరేలోపే ఊరు పోయింది. పోస్టువాళ్ళు జాడ తీసి మార్చిలో అమ్మకు అందించారు," అంది డింగెనా.

కోబా కార్డు బల్ల మీద పెట్టింది. "మరి నాకు కనిపిస్తుందే..." అని మాత్రం అనగలిగింది.

డింగెనా మళ్ళీ కూర్చుంది. ఈసారి రొయ్యల జోలికి వెళ్ళలేదు. "సోమవారం పొద్దున వచ్చింది పడవ. ముందు అమ్మ దిగింది, నన్ను అందుకోవడానికి. తాత నన్ను తొట్టిలో కూర్చోబెట్టి కోడిని ఒళ్ళో పెట్టాడు. 'దీన్ని వదలకు, దీన్నే చూడు, కిందికి చూడకు,' అన్నాడు. నేను భయపడతానని ఇచ్చాడు దాన్ని. పడవ అప్పటికే నిండిపోయింది. మళ్ళీ వస్తామన్నారు తాతకు. అమ్మ పడవ ముందువైపు చూస్తూ కూర్చుంది. నేను వెనక్కి తిరిగి ఉన్నాను." పోస్టుకార్డును తనవైపు లాక్కుంది. "నువ్వు రాశావు చూడు, తాత చెయ్యి ఊపాడని. ఊపలేదు కోబా. తాడును చుట్టచుడుతున్నాడు, మళ్ళీ వాడుకోవచ్చని. అలా చుడుతుండగానే గోడ కూలింది. నేనొక్కదాన్నే చూశాను."

"అమ్మకు తెలీదా?"

"చప్పుడు విని తిరిగి చూసింది. అప్పటికి నీళ్ళే ఉన్నాయి."

"మరి నాకెలా..."

"నువ్వే అడిగేదానివి. మనం డోర్డ్రెక్ట్‌లో ఎవరింట్లోనో తలదాచుకున్నాం, నీకు గుర్తుందో లేదో. రోజూ 'అక్కా, కోడి కథ చెప్పు, కోడి కథ చెప్పు' అని ప్రాణం తీసేదానివి. కోడి దాకా, పంచదార దాకా చెప్పి ఆపేసేదాన్ని. తాత ఏం చేశాడు అని అడిగితే ఏం చెప్పను? చెయ్యి ఊపాడన్నాను. తరవాత ఎప్పుడో, నీకు ఆరేళ్ళుంటాయేమో, పక్కింటావిడకు 'నేను తొట్టిలో ఉన్నప్పుడు' అంటూ మొదలెట్టావు. అమ్మ నా వంక చూసింది. పోనీ అన్నాను."

"పోనీ అంటే? నీదాన్ని నాకిచ్చేశావా?"

"నాకు బరువు తగ్గింది. నువ్వు చెప్పేదాంట్లో తాత పైన నవ్వుతూ నిలబడే ఉంటాడు. అలా వినడం నాకు బావుండేది."

కోబా ఆ రోజు ఏం మాట్లాడి వచ్చిందో ఆమెకే తెలియదు. తరవాతి వారమంతా బస్సులో పుస్తకాలు దులపలేదు. కాఫీ మరకలున్నా గప్‌చుప్‌గా లోపల పెట్టింది. ఒంట్లో బాగోలేదేమోనని జనం గుసగుసలాడుకున్నారు. ఒంట్లో బాగానే ఉంది. మనుషుల మీదున్న అనుమానమంతా ఇప్పుడు తన మీదికే తిరిగింది. తనకు గుర్తున్న ప్రతిదాన్నీ పట్టుకుని, ఇది నాదేనా అని అడుగుతోంది.

"మన పెళ్ళికి వాన పడిందా?" అంది ఒక సాయంత్రం.

"పడింది."

"నువ్వు చెబితే నాకు గుర్తుండిపోయిందేమో."

"ఫోటోలో మీ మామయ్య గొడుగు పట్టుకున్నాడు చూడు." క్రైన్ ఆల్బం తెచ్చి వేలు పెట్టి చూపించాడు. ఆమె భూతద్దంతో గొడుగు అంచున నీటిబొట్లు చూసేదాకా వదల్లేదు.

ఆ ఆదివారం రోంబౌట్ ఇచ్చిన నంబరుకు ఫోన్ చేసింది.

"నిన్ను దొంగ అన్నాను," అంది. "ఆ మాట సగం వెనక్కి తీసుకుంటున్నాను."

"సగమేనా?"

"నువ్వు నా దగ్గర తీసుకున్నది నిజమే కదా. నేను మా అక్క దగ్గర తీసుకున్నాను." జరిగిందంతా చెప్పింది.

"అయితే నాకేం మిగిలింది?" అన్నాడు. ఆ గొంతులో గాంభీర్యం లేదు. వెనక బెంచీ గొంతు అది.

"నాకేం మిగిలిందో నాకే తెలీదు, నీకేం చెప్పను? అది డింగెనాది. ఏం చెయ్యాలో దాన్నే అడుగు."

మే నెలలో రోంబౌట్ హూస్ వచ్చాడు. కారు దూరంగా ఆపి నడుచుకుంటూ వచ్చాడు, వీధి జనం గుమిగూడకుండా. డింగెనా దాలుచినచెక్క బోలస్ రొట్టెలు తెచ్చి పెట్టింది. అతను వాటిని ముట్టుకోలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, క్షమించమన్నాడు. డింగెనా అతన్ని ఎగాదిగా చూసింది.

"మా చెల్లెలి వ్యాసం విన్నప్పుడు నీకేమనిపించింది?" అని అడిగింది.

అతను తడుముకోకుండా చెప్పాడు: "ఈర్ష్య. వాళ్ళందరికీ ఏదో అయ్యింది, నాకేమీ కాలేదు. ఇంటికెళ్ళి మా స్నానాల తొట్టిలో కూర్చున్నాను, బట్టలతోటే. మా అమ్మ తిట్టింది. ఇది నిజంగా జరిగింది. ఆ తిట్లు కూడా చెప్పగలను."

డింగెనా ఫక్కున నవ్వింది. ఆమె అలా నవ్వి ఎన్నేళ్ళయిందో కోబాకు గుర్తు రాలేదు. నవ్వు ఆగాక, మొదటినుంచి మళ్ళీ చెప్పింది, ఈసారి ఇద్దరికీ కలిపి. తాడు చుట్టడం దగ్గరికి రాగానే కోబా ఆమె మోచెయ్యి పట్టుకుంది. డింగెనా ఆగి, ముక్కు చీది, మళ్ళీ అందుకుంది. చివర్లో రోంబౌట్‌ను ఒక్కటే కోరింది: "రేడియోలో మళ్ళీ మాట్లాడతావుగా. నా పేరొద్దు. తాత పేరు చెప్పు. మారీనస్ బోగార్డ్. ఆ మాటొక్కటి గాల్లో వినాలని ఉంది."

చెప్పాడు. జూన్‌లో ఒక బుధవారం, అదే కార్యక్రమంలో, తాను చెప్పింది తనది కాదని ఒప్పుకున్నాడు. ఒక ముసలాయన ఒక పాపను ఎలా దించాడో, దించాక తాడును ఎలా చుట్టాడో చెప్పి, పేరు చదివాడు. తన మొదటి జ్ఞాపకం ఏదో ఇక తనకు తెలియదని, గట్టిగా చెప్పగలిగింది ఒకటే ఉందని అన్నాడు: పన్నెండేళ్ళప్పుడు ఒక పిల్ల నిలబడి చదువుతుంటే వెనక బెంచీలో కూర్చుని, అలా అందరినీ ఏడిపించగలగాలని కోరుకోవడం. పేపర్లు రెండు రోజులు అతన్ని ఎగతాళి చేశాయి. తరవాత మరచిపోయాయి. కోబా మాత్రం స్టేషనుకు ఫోన్ చేసి, బోగార్డ్ అన్నది సరిగ్గా పలికాడో లేదో మళ్ళీ వినాలి, టేపు కాపీ పంపమని అడిగింది. పంపారు. సరిగ్గానే పలికాడు.

ఆ ఎండాకాలంలోనే ఆమెకు ఒకటి తట్టింది. కొత్తగా తట్టింది కాదు. ఎప్పుడూ ఉన్నదే, తొట్టి వెనక పడి కనిపించలేదు. ఒక కిటికీ. దగ్గి దగ్గి అలిసిపోయి తను కుర్చీ మీద నిలబడి ఉంది. దగ్గు తగ్గాలని ఛాతీ మీద గుడ్డలో కట్టిన ఉల్లిపాయల వాసన. కింద వీధిలో దుప్పట్లు కప్పుకున్న జనం నడిచి వెళుతున్నారు. అందులో ఒకాయన గోడగడియారాన్ని పసిబిడ్డలా రెండు చేతులా ఎత్తుకున్నాడు. ఎవరో వెనకనుంచి ఆమె తలను తమ పొట్టకేసి తిప్పుకున్నారు.

అక్కకు ఫోన్ చేసింది. "లేనా పెద్దమ్మ ఇంటి కిటికీ వీధివైపు ఉండేదా?"

"నేనక్కడ లేనుగా కోబా," అంది డింగెనా.

పెద్దమ్మ పోయి చాలా కాలమైంది. ఆమెకు పిల్లలు లేరు. ఆ వీధినే పడగొట్టి వెడల్పు చేశారు. ఎక్కడైనా బొమ్మలో చూసి తనదనుకుంటున్నానేమోనని, కోబా తన బస్సులో ఉన్న ఉప్పెన పుస్తకాలన్నీ తిరగేసింది. పెద్ద లైబ్రరీ నుంచి ఇంకో పదకొండు తెప్పించింది. ఒక్కొక్క ఫోటో భూతద్దంతో చూసింది. కుక్కపిల్లలను, కుట్టుమిషన్లను, బైబిళ్ళను ఎత్తుకున్నవాళ్ళు కనిపించారు. గడియారం ఎత్తుకున్నవాడు లేడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ నీలం అట్ట నోటుపుస్తకంలో, పదికి పది వేసిన పేజీ తరవాత, ఆ కిటికీ సంగతి రాసింది. అయిదు వాక్యాలు వచ్చాయి. క్రైన్‌కు ఇచ్చింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు.

"బావుంది. గడియారంలో టైమెంతయింది?"

కోబా కళ్ళు మూసుకుని చాలాసేపు చూసింది.

"తెలీదు," అంది. "చూళ్ళేదు."